నిరుద్యోగ భృతి ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త: మీ పీఎఫ్ డబ్బే మీకిచ్చి కమీషన్ కొడుతున్నారు

వరంగల్, హన్మకొండ, కాజీపేట వైపు ఈమధ్య ఉద్యోగం పోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదవండి. "మూడు నెలల సగం జీతం గవర్నమెంటు నుంచి ఇప్పిస్తాం" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కన్సల్టెన్సీలకు ఆధార్ ఓటీపీ చెప్పకండి.

మా బామ్మర్ది ఒక ప్రైవేటు కంపెనీలో ఏడేళ్లు చేశాడు. ఆర్డర్లు తగ్గాయని కొంతమందిని తీసేస్తే అందులో వీడూ ఉన్నాడు. హన్మకొండలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫైలు ఖర్చని 2,500 తీసుకుని, వచ్చినదాంట్లో 10 శాతం కమీషన్ మాట్లాడుకున్నారు. "గవర్నమెంటు పైసలన్నా, ఊకెనే వస్తయ్. ఓటీపీ ఒక్కటి చెప్పు చాలు" అన్నాడట అక్కడి పిల్లగాడు. కొన్నాళ్లకు రెండు విడతల్లో కలిపి లక్షా 90 వేలు పడ్డాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. 19 వేల కమీషన్ అదే రోజు పోయింది.

నాకు మాత్రం లెక్క కుదరలేదు. వాడి జీతం 18 వేలు. సగం జీతం చొప్పున మూడు నెలలకు 27 వేలకు మించి రాదు కదా, మరి లక్షా 90 వేలు ఎక్కడివి? యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడి నంబరు) లాగిన్ అయి క్లెయిమ్ స్టేటస్ తెరిస్తే ఫారం 19 (పీఎఫ్ సొమ్ము తీసుకునేది), ఫారం 10సీ (పెన్షన్ సొమ్ము తీసుకునేది) రెండూ సెటిల్ అయినట్టు ఉంది. ఏడేళ్లుగా జమైన వాడి పీఎఫ్, పెన్షన్ సొమ్మే అది! సగం జీతం పథకం చూసే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా సంస్థ) బ్రాంచి ఆఫీసులో అడిగితే, వీడి పేరున అసలు దరఖాస్తే లేదన్నారు.

కమీషన్ కంటే పెద్ద నష్టం 10సీతో జరిగింది. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. డబ్బు తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకున్నా, కొత్త ఉద్యోగంలో పాత ఖాతా బదిలీ చేయించుకున్నా ఆ ఏడేళ్లు నిలిచేవి, ఇంకో మూడేళ్లు చేస్తే సరిపోయేది. ఇప్పుడు మళ్లీ సున్నా నుంచి మొదలు. ఈ ముక్క ఆ కన్సల్టెన్సీలో ఒక్కడూ చెప్పలేదు.

నిజానికి సగం జీతం పథకం ఒకటి ఉంది. ఈఎస్ఐ వాళ్ల అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన, 2018 జూలైలో మొదలైంది. మొదట సగటు జీతంలో 25 శాతం ఇచ్చేవారు, 2020లో కరోనా వచ్చాక 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులకు, అదీ జీవితంలో ఒక్కసారే. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ పెట్టుకోవచ్చు. కంపెనీ ద్వారా వెళ్లక్కర్లేదు, మనమే ఆన్‌లైన్‌లో నింపి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలతో బ్రాంచి ఆఫీసులో ఇవ్వొచ్చు. దరఖాస్తుకు ఫీజు లేదు. రెండేళ్లు ఈఎస్ఐలో ఉండాలి, ఉద్యోగం పోవడానికి ముందు ఆర్నెల్ల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో కనీసం 78 రోజులు చందా కట్టి ఉండాలి. అంతకుముందు మూడు పీరియడ్లలో ఏదో ఒకదాంట్లోనూ 78 రోజులు కావాలి. ఇది గడువు పెట్టి పొడిగించుకుంటూ వస్తున్న పథకం కాబట్టి, ఇప్పుడు అమల్లో ఉందో లేదో బ్రాంచిలోనే ముందు కనుక్కోండి. 2018 తెలంగాణ ఎన్నికలప్పుడు హామీగా విన్న 3,016 రూపాయల నిరుద్యోగ భృతి సంగతి వేరు. అది అమలే కాలేదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు, కన్సల్టెన్సీలకు కావాల్సిందీ అదే.

ఇంకోటి. కంపెనీ తీసేస్తూ "రిజైన్ లెటర్ రాసివ్వు, సెటిల్‌మెంట్ త్వరగా అయితది" అంటే తొందరపడి సంతకం పెట్టకండి. తనంతట తాను మానేసినవాళ్లకు, తప్పు చేసి డిస్మిస్ అయినవాళ్లకు ఈ ఈఎస్ఐ సగం జీతం రాదు. కంపెనీ మీ రికార్డులో ఏ కారణం ఎక్కించిందో కూడా చూసుకోండి.

కన్సల్టెన్సీకి వెళ్లి గట్టిగా అడిగితే ఫైలు ఖర్చు 2,500 వెనక్కిచ్చారు, కమీషన్ మాత్రం "సర్వీస్ చేసినం కదా" అని ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. ఇప్పటికే ఎవరికైనా ఓటీపీ చెప్పి ఉంటే, ఈరోజే యూఏఎన్ పాస్‌వర్డ్ మార్చి, అందులో ఉన్న ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా మీవేనో కాదో చూడండి. డబ్బు వేరే ఖాతాకు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.