1,999 రూపాయల ‘ఆల్ఫా’ కోర్సు: ఒక్క స్టారు

‘ఆల్ఫా’ అంటే అందరి మీదా పైచేయిగా ఉండే మగాడట, కుర్రాళ్లని అలా తయారుచేస్తామనే వీడియో కోర్సు ఇది. చేరింది మా తమ్ముడు, డబ్బులు కట్టింది నా ఫోన్‌పే నుంచి. అందుకే రివ్యూ నేను రాస్తున్నా.

మొదటి వారం వీడియోలు బాగున్నాయి, అబద్ధమెందుకు. పొద్దున్నే ఐదింటికి లేవడం, దండీలు, రాత్రి ఫోన్ పక్క గదిలో పెట్టడం. ఇవన్నీ మా నాన్న ఫ్రీగానే చెప్తారు, కాకపోతే తిట్లతో కలిపి.

రెండో వారం నుంచి సరుకు మారుతుంది. అమ్మాయి మాట వినేవాడు ‘సింప్’ట. ఉద్యోగం చేసే పిల్లని చేసుకుంటే ఇంట్లో నోరెత్తలేవట. ఒక వీడియో అంతా అంట్లు తోమే మగాళ్ల మీద వెక్కిరింతే. ఆర్టీసీలో రిటైరయ్యాక మా ఇంట్లో పొద్దుటి వంట నాన్నదే, నా బాక్సు సర్దేదీ ఆయనే. ఆ వీడియో చూసిన మర్నాడు మావాడు ఆయన్ని ‘బీటా’ అన్నాడు, అంటే ఆల్ఫా కాలేని మెత్తటి మగాడని. నాన్న పోపు మాడకుండా స్టవ్ తగ్గించి, “సర్లే, ఆ కరివేపాకు దుయ్యి” అన్నారు. దూశాడు, మొహం మాడ్చుకుని.

అయినా ఇది ఎందుకు అమ్ముడుపోతోందో చూస్తే తెలిసింది. ప్లేస్‌మెంట్లు పోయాక ఇంట్లో అందరం వాణ్ణి “తర్వాతేంటి?” అనే అడిగాం. కోర్సు చెప్పే ఈ సారు కెమెరాలోకి సూటిగా చూసి “తమ్ముడూ, నీ తప్పేం లేదు” అంటాడు. అక్కడిదాకా మంచి మాటే. మరి తప్పెవరిదంటే ప్రతిసారీ ఆడవాళ్లదే: నీ ఉద్యోగం వాళ్లే పట్టుకుపోయారు, నీకు పెళ్లి కానివ్వనిదీ వాళ్లే. కంపెనీలు అసలు వాడి కాలేజీకే రాలేదన్న సంగతి ఏ వీడియోలోనూ లేదు.

చివరి పాఠంలో ఉంది అసలు వ్యాపారం. సారు క్లిప్పులు కత్తిరించి రీల్స్ పెట్టాలి, మన లింకుతో ఎవరైనా చేరితే కమీషన్. ఇదీ సొంత సరుకు కాదు. కిక్‌బాక్సర్ ఆండ్రూ టేట్ నెలకు 49.99 డాలర్లకు నడిపిన ‘హస్లర్స్ యూనివర్సిటీ’ ఇలాగే పెరిగింది. చేరినవాళ్లే అతని క్లిప్పులు పంచి కొత్తవాళ్లని పట్టుకొచ్చేవాళ్లు. ఎంత రెచ్చగొడితే అన్ని వ్యూస్. 2022 ఆగస్టులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్ అతన్ని తీసేశాయి, ఆ కమీషన్ పథకమూ ఆ నెలలోనే మూతపడింది.

‘ఏడు రోజుల్లో రీఫండ్’ అని పేజీలో రాసి ఉంది. మావాడు అడిగితే “అక్క అడగమందా?” అని టెలిగ్రామ్ గ్రూపులో అందరి ముందూ ఎగతాళి చేసి, వాణ్ణి గ్రూపులోంచి తీసేశారు. నేను కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. మీ ఇంట్లో ఎవరైనా కట్టి ఉంటే, పేజీలో ఆ రీఫండ్ లైను మాయం కాకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి.