మొదటి షార్ట్ రీడ్ గూస్ కాల్‌గా పాలీకార్బనేట్‌దే ఎందుకు కొనమంటానంటే

కెనడా గీస్ (బాతుల్లాంటి పెద్ద అడవి పక్షులు, ఒక్కటైతే గూస్) వేటకి కొత్తగా దిగేవాళ్లు అందరూ ముందు గన్ గురించి అడుగుతారు, తర్వాత డికాయ్‌ల గురించి, అంటే పక్షుల్ని దింపడానికి పెట్టే బొమ్మ పక్షుల గురించి, చివర్లో ఎప్పుడో కాల్ గురించి, అంటే వాటిలా అరిచి పిలవడానికి నోటితో ఊదే బూర గురించి. నన్నడిగితే కాల్‌నే ముందు కొనాలి, ఎందుకంటే గన్ వారం ముందు కొన్నా సీజన్‌కి సరిపోతుంది గానీ కాల్ ఊదడం రావాలంటే నెలలు పడుతుంది. ఇక్కడ అమెరికాలో మనవాళ్లలో వేటకెళ్లేవాళ్లు తక్కువ, తెలుగులో ఈ సంగతులు రాసేవాళ్లు ఇంకా తక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందే చెప్పేస్తా. మొదటి షార్ట్ రీడ్‌గా 30 డాలర్లకి అటూ ఇటూగా దొరికే పాలీకార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) కాల్ కొనండి. జింక్ వాళ్ల పవర్ క్లకర్, బక్ గార్డ్‌నర్ వాళ్ల కెనడా హ్యామర్ లాంటివన్నమాట. గాజులా మెరిసే 150 డాలర్ల యాక్రిలిక్ కాల్ ఇప్పుడొద్దు. అది చెడ్డదని కాదు, దానికి పెట్టిన డబ్బు మీకు వినిపించేదాకా రావాలంటే ముందు మీ ఊపిరి, మీ చేతులు దారిలోకి రావాలి.

అసలు షార్ట్ రీడ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తా, ఎందుకంటే ఇది అర్థమైతేనే ఏది కొనాలో తెలుస్తుంది. నోటికి ఆనించే గొట్టం బ్యారెల్, అందులోకి దూరే రెండో ముక్క ఇన్సర్ట్, దాని చివర్నించే శబ్దం బయటికొస్తుంది. ఇన్సర్ట్‌లో గట్స్ అనే చిన్న భాగం కూర్చుని ఉంటుంది: మధ్యలో సన్నటి గాడి ఉన్న ప్లాస్టిక్ పలక, దాని మీద మైలార్ అనే ప్లాస్టిక్ పొరతో చేసిన పల్చటి రీడ్, ఆ రీడ్ కదలకుండా బిగించే ఒక ముక్క. సన్నాయిలో పీక మీ పెదాల మధ్యే ఉంటుంది కాబట్టి దాన్ని పెదాలతో అదుపు చేస్తారు, ఇక్కడ రీడ్ గొట్టం లోపల మీకు అందకుండా ఉంటుంది, అందుకని అదుపంతా ఊపిరి వల్లా, కాల్ చివర కప్పి పట్టుకున్న చేతుల వల్లా రావాలి. మెల్లగా ఊదితే రీడ్ మందంగా, లోగొంతులో మూలుగుతుంది. ఒత్తిడి పెంచుతూ పోతే ఒకచోట రీడ్ చటుక్కున పైస్వరానికి ఎగురుతుంది. ఈ ఎగరడాన్నే బ్రేక్ అంటారు. గూస్ అరుపులో మనకి వినపడే ఆ "హూ... విట్" అంతా ఈ బ్రేకే. షార్ట్ రీడ్ నేర్చుకోవడం అంటే ఆ బ్రేక్‌ని మనకి కావలసినప్పుడు, కావలసినంత గట్టిగా తెప్పించగలగడం, అంతే.

కాబట్టి కాల్ కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, ఎంత తక్కువ గాలితో అది శుభ్రంగా బ్రేక్ అవుతోంది అని. ఎంత గట్టిగా మోగుతోంది అన్నది కాదు. షాపులో ఎవరో అనుభవం ఉన్నాయన పొలం అవతలికి వినపడేలా ఊది చూపిస్తే మనకి అదే నచ్చుతుంది, కానీ అదే కాల్ మీ చేతికి వచ్చాక పిల్లల బూరలా కీచుమంటుంటే వారం తిరక్కుండా విసుగొచ్చి సొరుగులో పడేస్తారు. పోటీల కోసం చేసే కాల్స్‌లో కొన్నిటికి గాలి చాలా కావాలి. మేరీలాండ్‌లోని ఈస్టన్‌లో 1976 నుంచి ప్రపంచ స్థాయి గూస్ కాలింగ్ పోటీ జరుగుతోంది, వీలైతే ఆ పోటీల వీడియోలు చూడండి, చెవికి పండగే. కానీ వాళ్లు వేదిక మీద చేసే విన్యాసాలకి కావలసిన కాల్ వేరు, తెల్లారేసరికి చలిలో గడ్డి కప్పుకుని పడుకున్న మనిషికి కావలసిన కాల్ వేరు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది: అసలు మొదటి కాల్ షార్ట్ రీడే ఎందుకు, ఫ్లూట్ అనే ఇంకో రకం గూస్ కాల్ తీసుకోవచ్చుగా అని. తీసుకోవచ్చు. ఫ్లూట్ పొడవుగా ఉంటుంది, సుళువుగా బ్రేక్ అవుతుంది, దూరంగా పోయే గుంపుకి హాంక్ (పొడుగు అరుపు) వేయడానికి బాగుంటుంది, కొత్తవాళ్లు ఒక సాయంత్రంలోనే ఓ మోస్తరు శబ్దం తెప్పించగలరు. ఏడాదికి రెండుసార్లు స్నేహితులతో సరదాగా వెళ్లేవాళ్లకి నేను ఫ్లూటే చెప్తా, మొహమాటం లేకుండా. కానీ గీస్ దగ్గరికొచ్చాక వాటితో మాట్లాడాల్సింది వేరే భాష: పొట్టి క్లక్‌లు, డబుల్ క్లక్‌లు, లోగొంతు మూలుగులు, మేత మేసేటప్పటి గొణుగుడు. ఇంత వేగంగా, ఇన్ని రకాలుగా మార్చి మార్చి పలికించాలంటే షార్ట్ రీడ్‌కి సాటి లేదు. ఏటా సీజన్ అంతా వెళ్లాలనుకుంటే దాంతోనే మొదలెట్టడం మంచిది.

ఇక మెటీరియల్ గొడవ. దీని మీద వాదనలు ఎప్పటికీ తెగవు గానీ కొత్తవాళ్లకి కావలసినంత మేరకు చెప్తా. యాక్రిలిక్ పదునుగా, గట్టిగా మోగుతుంది, గాలి వీస్తున్న రోజున దూరం వెళ్తుంది. చెక్క మెత్తగా, గుండ్రంగా పలుకుతుంది, వినడానికి హాయిగా ఉంటుంది కానీ తేమకి ఉబ్బుతుంది, అది చూసుకోవాలి. పాలీకార్బనేట్ అచ్చులో పోసి చేస్తారు కాబట్టి చవక, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తక్కువ, కారు డిక్కీలో పడేసినా బురదలో పడినా ఏమీ కాదు. పదును కాస్త తక్కువే, ఒప్పుకుంటా. కానీ గీస్‌ని దింపే శబ్దం ముఖ్యంగా గట్స్‌లో పుడుతుంది, గొట్టం దానికి మెరుగు పెడుతుంది. అందుకే కొన్ని కంపెనీలు ఒకే మోడల్‌ని రెండు మెటీరియల్స్‌లోనూ అమ్ముతాయి. పాలీ మీద చేయి తిరిగాక అదే మోడల్ యాక్రిలిక్‌లో తీసుకుంటే మళ్లీ మొదట్నించీ నేర్చుకునే పని ఉండదు. నా దృష్టిలో ఇదే చవక కాల్‌కి అన్నిటికంటే పెద్ద ప్లస్.

ఎక్కడ కొనాలి అంటే, పెద్ద స్పోర్టింగ్ గూడ్స్ షాపుల్లో కాల్స్ ప్లాస్టిక్ ప్యాకెట్‌లో గోడకి వేలాడుతుంటాయి, ఊది చూడనివ్వరు. నోటికి సంబంధించిన వస్తువు కాబట్టి అందులో తప్పేమీ లేదు. వేట సామాన్ల ఎక్స్‌పోల్లో, కాల్స్ చేసేవాళ్ల సొంత స్టాల్స్ దగ్గర మాత్రం తుడిచి ఇచ్చి ఊది చూడమంటారు, అక్కడే వాళ్లు మీ చేతులు ఎలా పెట్టాలో సరిచేస్తారు కూడా. దగ్గర్లో అలాంటిది జరుగుతుంటే ఆ ఒక్క పని కోసమే వెళ్లినా దండగ కాదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి: ఆ మోడల్‌కి విడిగా రీడ్లు దొరుకుతున్నాయా, ట్యూనింగ్ కోసం తిరిగి పంపితే కంపెనీ చేసిపెడుతుందా. పేరూ ఊరూ లేని పది డాలర్ల కాల్స్ జోలికి పోవద్దు. వాటిలో రీడ్ సరిగ్గా కూర్చోదు, బ్రేక్ రాదు, లోపం కాల్‌లో ఉంటే మీలో ఉందనుకుని నేర్చుకోవడమే మానేస్తారు.

కాల్ చేతికొచ్చాక మొదటి రోజుల్లో చేయాల్సింది క్లక్ కాదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ముందు మూలుగు పట్టండి. ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ కాల్ చివర చుట్టూ ఉంగరంలా పెట్టి, మిగతా వేళ్లు ముందుకి ముడిచి, కుడి అరచేతిని దాని మీదకి ఒక గదిలా మూయండి. గాలి పోవడానికి సన్నటి సందు మాత్రం ఉంచండి. ఇప్పుడు చలికాలంలో కళ్లజోడు మీద ఆవిరి పట్టేలా ఊదుతామే, అలా పొట్టలోంచి వెచ్చటి గాలి వదలండి. బుగ్గలు ఉబ్బితే ఆపేసి మళ్లీ మొదలెట్టండి. ఆ చేతుల గది గాలికి ఎదురు నెట్టు ఇస్తుంది, దాన్ని బ్యాక్ ప్రెషర్ అంటారు, షార్ట్ రీడ్‌కి ప్రాణం అదే. చేతులు లేకుండా ఊదితే ఎంత ఖరీదైన కాల్ అయినా బోలుగా, కీచుగా ఉంటుంది. ఆ మూలుగు వణక్కుండా నిలిచాక పొట్టని ఒక్కసారి లోపలికి గుంజండి, అదే క్షణంలో గాలిని నాలుకతో టక్కున ఆపండి. విట్ మంటుంది. అదే క్లక్. చేతులు చిన్నగా ఉన్నవాళ్లకి గది సరిగ్గా మూసుకోదు. వాళ్లు కాల్ చివర సన్నగా ఉన్న మోడల్ చూసుకుంటే సగం కష్టం తీరుతుంది. ఈ సంగతి ప్యాకెట్ మీద రాసి ఉండదు, చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

ప్రాక్టీస్ ఎక్కడ అన్నది అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి నిజంగా సమస్యే, పక్కింటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదు కదా. పార్క్ చేసిన కారులో అద్దాలు ఎత్తుకుని ఊదండి, కానీ మూసిన కారులో శబ్దం చెవులకి గట్టిగా కొడుతుంది, ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. అప్పుడప్పుడు ఖాళీ మైదానానికి వెళ్లి ఫోన్‌ని దూరంగా పెట్టి రికార్డ్ చేసుకుని వినండి. మన తల లోపల వినపడే శబ్దం ఒకటి, గీస్‌కి వినపడేది ఇంకొకటి. ఆఫీసు చెరువుల దగ్గర, అపార్ట్‌మెంట్ పచ్చికల మీద తిరిగే గీస్‌ని మించిన గురువులు లేరు. కాల్ జేబులోనే పెట్టుకుని ఊరికే నిలబడి వినండి చాలు: జంట పక్షులు ఒకదానికొకటి ఎలా బదులిస్తాయి, ఎగిరే ముందు గొంతులు ఎలా పెరుగుతాయి, మేస్తున్నప్పుడు ఎంత నెమ్మదిగా గొణుక్కుంటాయి. ఏ వీడియోలోనూ ఇంత బాగా తెలీదు.

కొత్త కాల్ కొంచెం బిగుతుగా ఉంటుంది. ఊదుతూ పోతే రీడ్ అలవాటుపడి మెత్తబడుతుంది, అందాకా గట్స్ జోలికి పోకండి. ట్యూనింగ్ వీడియోలు చూసి వెంటనే పీకాలనిపిస్తుంది, ఆగండి. రీడ్‌ని వెంట్రుకవాసి ముందుకి జరిపితే స్వరం లోతుగా మారి గాలి ఎక్కువ అడుగుతుంది, వెనక్కి జరిపితే స్వరం పెరిగి సుళువవుతుంది, ఇంత చిన్న తేడాలే అక్కడ ఉండేవి. ఎప్పుడైనా తీయాల్సి వస్తే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకుని, రీడ్ మీదా పలక మీదా కలిపి సన్నటి మార్కర్ గీత గీసుకోండి, తిరిగి పెట్టేటప్పుడు గీతలు కలిస్తే చాలు.

ఇంకో చిన్న విషయం, కానీ పొలంలో ఇదే ఎక్కువసార్లు ఎదురవుతుంది. చిప్సో బిస్కెట్టో తిన్న నోటితో ఊదితే నలుసంత పొడి రీడ్ కింద ఇరుక్కుని కాల్ ఉన్నట్టుండి మూగబోతుంది. కాల్ పాడైందని కంగారు పడొద్దు. ఇన్సర్ట్ బయటికి లాగి, పళ్ల మధ్య వాడే ఫ్లాస్ దారం రీడ్ కిందకి దూర్చి మెల్లగా ముందుకి లాగండి, నలుసు వచ్చేస్తుంది. గడ్డకట్టే చలిలో ఉమ్మి తడి రీడ్ కింద మంచులా పట్టేస్తుంది, దానికి మందు ఒక్కటే, కాల్‌ని జాకెట్ లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవడం.

ఊదే తీరు గురించి ఎక్కువ చెప్పను. దూరంగా ఉన్నప్పుడు పొడుగు హాంక్‌లు, దగ్గరికొచ్చేకొద్దీ క్లక్‌లూ మూలుగులూ, తోక తిప్పి పోతుంటే మళ్లీ గట్టిగా, వెంటవెంటనే. రెక్కలు బిగబట్టి డికాయ్‌ల మీదకి జారుతుంటే నోరు మూసుకోండి. శుభ్రమైన ఒక్క క్లక్, దాంతోపాటు నిలకడైన ఒక మూలుగు, ఈ రెండూ వస్తే పక్షుల్ని దింపొచ్చు, మిగతావన్నీ తర్వాత.

ఫోన్‌లో గూస్ శబ్దాలు పెట్టి స్పీకర్‌లో వినిపిస్తే సరిపోదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. మామూలు కెనడా గూస్ సీజన్‌లో రికార్డింగ్‌తో పిలవడం ఫెడరల్ రూల్స్ ప్రకారం నేరం, వాటి దగ్గర ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. అలాగే స్టేట్ లైసెన్స్, హిప్ రిజిస్ట్రేషన్ (వలస పక్షుల్ని వేటాడేవాళ్ల వివరాల నమోదు), 16 ఏళ్లు నిండినవాళ్లకి 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ (నీటిపక్షుల వేటకి కావలసిన స్టాంప్) ఉండాలి. నీటిపక్షులకి సీసం గుళ్లు 1991 నుంచి దేశమంతా నిషేధం, స్టీల్ లాంటి విషం లేని గుళ్లే వాడాలి. తేదీలూ, ఎన్ని పక్షులన్న లెక్కా స్టేట్‌ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి, అవి మీ స్టేట్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్‌లో చూసుకోండి.

పాలీకార్బనేట్ కాల్స్‌కి నేనిచ్చే మార్కులు: నేర్చుకోవడానికి 5కి 5, మన్నికకి 5, పలికే తీరుకి 3.5, గాలి హోరెత్తే రోజున దూరం వెళ్లడానికి 3. డబుల్ క్లక్ తడబడకుండా వస్తున్నప్పుడు, ఇంకా గట్టిగా ఊదాలని చూస్తే కాల్ గొంతు పట్టేస్తోందని మీకే అనిపించినప్పుడు యాక్రిలిక్ కొనుక్కోండి, అప్పుడు 150 డాలర్లు పెట్టినా తేడా వినపడుతుంది. అందాకా, అదే మోడల్‌కి సరిపోయే రీడ్లు ఒక ప్యాకెట్ ఇప్పుడే తెప్పించి కాల్‌తోపాటు సంచిలో పెట్టుకోండి. సీజన్ మధ్యలో రీడ్ చీలి, కొత్తది పోస్టులో రావడానికి వారం పడితే ఆ వీకెండ్ పోయినట్టే.