రంగు నీళ్ళకి నాచు కిట్: పనిచేస్తుంది, కానీ డబ్బా మీద రాసినంత కాదు

బట్టలకి రంగులేసేవాళ్ళకి తెలిసిందే, వేసిన రంగంతా గుడ్డ పట్టుకోదు, రియాక్టివ్ డైలైతే (గుడ్డ పోగుతో రసాయనికంగా కలిసిపోయే రంగులు) మరీను, మిగిలింది కడిగిన నీళ్ళతో బయటికే పోతుంది. ఆ నీళ్ళు అలాగే పారబోయడానికి మనసొప్పక నీళ్ళలోని రంగు తీసేస్తుందని అమ్మే ఈ క్లోరెల్లా (కంటికి కనబడనంత చిన్న ఆకుపచ్చ నాచు) కిట్ తెప్పించా. లోపల ప్రాణంతో ఉన్న కల్చర్ (పెంచిన నాచు) సీసా, పోషకాల ప్యాకెట్, గాలి పంపు, నాచుని జెల్ పూసల్లో బంధించడానికి సోడియం ఆల్జినేట్, కాల్షియం క్లోరైడ్ ఉన్నాయి.

కల్చర్ మాత్రం ఫస్ట్ క్లాస్. క్లోరిన్ లేని నీళ్ళు పోసి, 25–30 డిగ్రీల దగ్గర మంచి వెలుతురులో పెట్టి గాలి వదిలితే చక్కగా చిక్కబడింది.

ముందు మెథిలీన్ బ్లూ అనే నీలం రంగు మీద ట్రై చేశా, నీలం భలే తొందరగా తగ్గిపోయింది. ఇందులో వింతేం లేదు, ఆ రంగుకి ప్లస్ చార్జ్, నాచు కణం గోడకి దానిమీదుండే కార్బాక్సిల్ అనే ఆమ్ల గ్రూపుల వల్ల మైనస్ చార్జ్, ఇట్టే అతుక్కుంటాయి. కానీ అది అతుక్కోవడమే, విరగడం కాదు, ఎండబెట్టిన చచ్చిన నాచు పొడి వేసినా ఇదే జరుగుతుంది! ఆ నాచుని తీసి కాస్త యాసిడ్ కలిపిన నీళ్ళలో కడిగి చూశా, నీలం మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఇంకోటి, మెథిలీన్ బ్లూ ఆక్సిజన్ లేనిచోట రంగులేని రూపంలోకి మారిపోయి, గాలి తగిలితే మళ్ళీ నీలం అవుతుంది, అందుకే నీళ్ళు తేటపడ్డాయని సంబరపడేముందు సీసా బాగా ఊపి చూడండి. డబ్బా మీద "రంగుని పూర్తిగా విడగొడుతుంది" అని రాశారు చూడండి, నా అభ్యంతరమల్లా దానిమీదే.

నిజంగా విరగడం అజో రంగుల్లో జరుగుతుంది. వాటిలో రెండు నైట్రోజన్ల మధ్య డబుల్ బాండ్ ఉంటుంది, దాన్ని నాచులోని అజోరిడక్టేజ్ అనే ఎంజైమ్ తెంపుతుంది, తెగగానే రంగు పోతుంది. అసలు భయం అక్కడే మొదలు, ఎందుకంటే తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమైన్లు (బెంజీన్ లాంటి వలయానికి నైట్రోజన్ గ్రూపు అతికిన పదార్థాలు, కొన్ని విషపూరితం). 1883లో కనిపెట్టిన కాంగో రెడ్‌నే తీసుకోండి, అది బెంజిడిన్ నుంచి చేసిన రంగు, తెగితే ఆ బెంజిడిన్ మళ్ళీ బయటికి రావచ్చు, అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. అంటే ఎర్రగా ఉన్నప్పటికన్నా తేటగా కనబడే నీళ్ళే ఎక్కువ ప్రమాదం అయ్యే అవకాశం ఉంది. క్లోరెల్లా, ఆసిలటోరియా (ఒక నీలి-ఆకుపచ్చ నాచు) లాంటివి కొన్ని అమైన్లని ఇంకా ముందుకి విడగొట్టగలవు కానీ దానికి టైమ్ కావాలి, వెలుతురు కావాలి, రంగు పోయిందని అక్కడితో ఆపేస్తే సగం పనే అయినట్టు. మాన్యువల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు, ఇది చాలా పెద్ద లోటు.

రియాక్టివ్ రంగుల దగ్గర ఫలితం అంతంతమాత్రం. వాటికి మైనస్ చార్జ్ కాబట్టి మామూలు పీహెచ్ దగ్గర సరిగ్గా అతుక్కోవు, బాగా యాసిడ్ చేస్తే అతుక్కుంటాయి కానీ క్లోరెల్లా బతకదు. పైగా డై బాత్‌లో (రంగులేసే నీళ్ళలో) ఉప్పెక్కువ, ముదురు రంగు వెలుతురుని కూడా లోపలికి రానివ్వదు. నీళ్ళు బాగా పలచన చేశాకే కాస్త కదలిక కనిపించింది.

నాకు బాగా నచ్చింది ఆల్జినేట్ పూసలు, అంటే నాచు కలిపిన ఆల్జినేట్‌ని కాల్షియం క్లోరైడ్ నీళ్ళలో చుక్కలుగా వేస్తే గట్టిపడే జెల్ గోళీలు. క్లోరెల్లా కణం 2 నుంచి 10 మైక్రోమీటర్లే, గుడ్డతో వడగడితే దొరకదు, అదే పూసల్లో బంధిస్తే జల్లెడతో తీసేయొచ్చు. ఒక్క జాగ్రత్త, పోషకాల్లో ఫాస్ఫేట్ ఎక్కువైతే అది కాల్షియంని లాగేసి పూసలు మెత్తబడి విడిపోతాయి, కొద్దికొద్దిగా వేసుకోండి.

5కి 3 ఇస్తున్నా. లేత రంగు నీళ్ళు కొద్దిగా వచ్చేవాళ్ళు, కాలేజీ ప్రాజెక్టులు చేసేవాళ్ళు కొనొచ్చు, శుద్ధి అయిన నీళ్ళని తాగడానికి, కూరమొక్కలకి మాత్రం వాడొద్దు. వాడేసిన పూసల్లో రంగు అలాగే ఉంటుంది కాబట్టి ఎరువులో కలపకుండా ఆరబెట్టి రసాయన చెత్తతో పంపండి. కంపెనీవాళ్ళు చదువుతుంటే ఈ సంగతి, అమైన్ల సంగతి డబ్బా మీదే రాయండి ప్లీజ్.