అవిసె నూనె పూతతో ఏడేళ్లు: చెకుముకి తుపాకీ లాక్ గూటి దగ్గర ఏమవుతుంది

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. అడ్డచారలుండే కర్లీ మేపుల్ కొయ్యకు ఆక్వా ఫోర్టిస్ రంగు, దాని మీద అవిసె నూనె. చేత్తో చేసుకున్న పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్‌కి, అంటే పాతకాలపు పొడవాటి చెకుముకి తుపాకీకి, ఇంతకన్నా నప్పే ముస్తాబు నేను చూడలేదు. ఏడేళ్లు వాడాక కూడా భుజానికి ఆనించే బట్‌ని వెలుతురులో కాస్త పక్కకి వంచితే నల్లచార ఉన్నచోటికి తెల్లచార, తెల్లచార ఉన్నచోటికి నల్లచార జరిగిపోతాయి. పైపైన పూసే ఏ రంగుతోనూ ఇది రాదు.

ఆక్వా ఫోర్టిస్ అంటే నత్రికామ్లంలో ఇనుము కరిగించిన ద్రావణం. సొంతంగా కలపకుండా తయారైనది కొనుక్కోవడమే మంచిది. పూసి ఆరనిస్తే కొయ్య పసుపుపచ్చగా, పాడైపోయినట్టే కనిపిస్తుంది. అక్కడే ధైర్యంగా ఉండాలి. వేడిగాలి ఊదే హీట్ గన్ తగిలించగానే ఆ పచ్చదనం మీద ఎర్రటి గోధుమరంగు పాకుతూ వస్తుంది. రంగు ఇక మారదు అనేదాకా వేడి ఇవ్వాలి. ఆవిరి ఘాటైనది కాబట్టి చేతికి తొడుగులు వేసుకుని ఆరుబయటే చేయాలి. తర్వాత వంట సోడా నీళ్లతో తుడవాలి, ఆపైన మంచినీళ్లతో.

ఈ మెచ్చుకోలులో ఒకటి సవరించుకోవాలి. వేడి సరిగ్గా తగలని మూలలు, ముఖ్యంగా గొట్టంలోకి గుండు దట్టించే గజం కడ్డీ పట్టే గాడి లోపల, రెండో ఏడాదికి పచ్చబారాయి. సోడా నీళ్లు అందక ఆమ్లం మిగిలిన చోట ఇనుప మేకులకి తుప్పు కూడా పట్టింది. రంగుది తప్పు కాదు, పనిలో మిగిలిన లోపం. కానీ ఆ రంగు అలాంటి లోపాన్ని క్షమించదు.

అసలు గొడవ నూనెతో. పూత పద్ధతి మామూలుదే. తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగుని స్క్రేపర్‌తో తీయడం మూడుసార్లు. ఉప్పుకాగితం వాడితే లాక్ (చెకుముకి రాయితో నిప్పు పుట్టించే యంత్రం) చుట్టూ ఉన్న పదునైన అంచులు గుండ్రబడిపోతాయి. మొదటి పూతకి మరిగించిన అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లు. తర్వాత నూనె ఒక్కటే, పలచగా ఏడు పూతలు. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు. ప్రతిసారీ ఇరవై నిమిషాలాగి, పీల్చుకోకుండా మిగిలినదంతా తుడిచేయాలి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పారేయకూడదు. వాటంతట అవే వేడెక్కి నిప్పంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచాలి.

బట్ మీద, చెంప ఆనేచోట, ముందు చేయి పట్టేచోట ఆ పూత ఇప్పటికీ బాగుంది. పాడైంది లాక్ దగ్గరే. ముందుగా నిప్పందుకునే మందు పోసే రంజకపు పళ్లెం వెనక రెండు వేళ్ల వెడల్పున మెరుపు పోయింది. తర్వాత జిగటగా అయింది, ఆపైన బూడిదరంగు మచ్చ పడింది. లాక్ విప్పి చూస్తే అది కూర్చునే కొయ్య గూటి లోపల అంచు వేలిగోటితో గీరితే ఊడి వచ్చేంత మెత్తబడి ఉంది. దీనికి నీళ్లొక్కటే కారణమైతే ముందుచేతి దగ్గరా ఇదే జరగాలి. జరగలేదు. తేడా మసిలో ఉంది.

సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన తుపాకి మందు కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. అందులో పొటాషియం కార్బనేట్ ఉంటుంది. అది క్షారం, పైగా గాలిలోని తేమని లాక్కుంటుంది. ఎండిన నూనె పొర మీద తడి క్షారం కూర్చుంటే పాతకాలం సబ్బు వండినట్టే. పొర మెల్లగా సబ్బైపోయి తుడుపుగుడ్డకి ఊడొస్తుంది. దానికి తోడు గొట్టం కడిగిన నల్లనీళ్లు, పళ్లెంలోని నిప్పుని గొట్టంలోకి పంపే నిప్పురంధ్రం గుండా కారి, గొట్టానికీ కొయ్యకీ మధ్య సందులోంచి గూట్లోకే దిగుతాయి. లాంగ్ రైఫిల్ గొట్టం పిన్నులతో బిగించి ఉంటుంది. ప్రతిసారీ ఊడదీసి కడిగేది కాదు. లాక్ స్ప్రింగులకి ధారాళంగా వేసిన నూనె ఎండదు, అదీ అక్కడే ఇంకి కొయ్యని మెత్తబరుస్తుంది.

బాగుచేయడం కుదిరింది. తుపాకీలో మందు లేదని తేల్చుకుని, లాక్ తీసి, గూటిని తడిగుడ్డతో తుడిచి రెండు రోజులు ఆరనివ్వాలి. సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి లోపల పట్టించాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ముద్ద ఎండి పసుపు తిరిగితే నూనెని లాగిందన్నమాట. దులిపేసి మళ్లీ పట్టించాలి. నాలుగోసారికి సుద్ద తెల్లగానే మిగిలింది. తర్వాత గూటికి అవిసె నూనె కాకుండా టంగ్ ఆయిల్ వార్నిష్ పలచగా నాలుగు పూతలు. కొయ్య అడ్డంగా తెగిన ముఖాలు ఎక్కువ తాగుతాయి కాబట్టి వాటికి ఇంకో రెండు. మొదట్లోనే చేయవలసిన పని ఇది. కనిపించే పైభాగానికి ఎనిమిది పూతలేసి, లోపలికి ఒకటే వేయడం పెద్ద పొరపాటు.

కడిగే తీరు కూడా మారింది. ముందు లాక్ తీసేయడం, నిప్పురంధ్రాన్ని పుల్లతో మూయడం, నీళ్లు పారబోసేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉంచడం, సందు వెంబడి పొడిగుడ్డ నొక్కడం. లాక్‌కి నూనె సూదిమొనతో ఒక్కో చుక్క.

నెలకి రెండు మూడుసార్లు పేల్చి అదేరోజు కడిగేవాళ్లకి పైభాగం వరకు అవిసె నూనే సరిపోతుంది. గీతపడితే ఆ మేరకే మళ్లీ రాసుకోవచ్చు, వార్నిష్‌కి ఆ సుఖం లేదు. వానలో వేటకి తీసుకెళ్లేవాళ్ల మాట వేరు. ఇంకొకటి: ఏళ్లు గడిచేకొద్దీ నూనె ముదురుతోంది, చారల్లో లేతవి మొదట్లో ఉన్నంత లేతగా లేవు. నాకు అదీ బాగానే ఉంది. కొత్తలో ఉన్న తేటదనం అలాగే ఉండాలనుకునేవాళ్లు మాత్రం ముందు ఒక మేపుల్ ముక్క మీద పూసి, కొన్ని నెలలు పక్కనపెట్టి చూడండి.