క్యూ, ఐ-స్క్వేర్, టౌ: మెటా ఎనాలిసిస్‌లో ఏది మేలు?

ఒకే విషయం మీద జరిగిన ట్రయల్స్ ఫలితాలను కలిపి లెక్కగట్టడమే మెటా ఎనాలిసిస్. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మీద జరిగిన 13 ట్రయల్స్ డేటా, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోని మెటాఫర్ ప్యాకేజీతోనే వస్తుంది. అందులో మన మదనపల్లె కూడా ఉంది: టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి క్షయ, వేయని 5,808 మందిలో 47 మందికి. రిస్క్ రేషియో, అంటే వేసినవాళ్ల ముప్పును వేయనివాళ్ల ముప్పుతో భాగిస్తే వచ్చేది, 0.80. మద్రాసులో 1.01, అంటే వేసినా వేయకపోయినా ఒకటే. కెనడాలో 0.20. వీటన్నిటినీ కలిపి ఒక్క అంకె చెప్పేముందు ఈ తేడాను దేనితో కొలవాలి?

కాక్రన్ క్యూతో మొదలుపెడదాం. ఒక్కో ట్రయల్ ఫలితం ఉమ్మడి సగటుకు ఎంత దూరంలో ఉందో వర్గం చేసి, ఆ ట్రయల్ వేరియన్స్‌తో (దాని అంచనాలోని అనిశ్చితితో) భాగించి, అన్నీ కూడాలి. ఇక్కడ 152.23 వస్తుంది. తేడాలన్నీ యాదృచ్ఛికమే అయితే 12 (ట్రయల్స్ సంఖ్య కంటే ఒకటి తక్కువ; దీన్నే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు) దగ్గర్లో ఉండాలి. కాబట్టి ఇక్కడ అనుమానమే లేదు. చిన్న ట్రయల్స్ ఐదారే ఉన్నప్పుడే చిక్కు: నిజమైన తేడాను కూడా క్యూ పట్టుకోలేదు. అందుకే చాలామంది పీ (తేడాలన్నీ యాదృచ్ఛికమే అయితే ఇంత పెద్ద క్యూ వచ్చే సంభావ్యత) హద్దును మామూలు 0.05 నుంచి 0.10కి పెంచుతారు. పీ ఆ హద్దు దాటినంత మాత్రాన తేడా లేదని కాదు. ఆ పీ చూసి ఫిక్స్‌డా (అన్ని ట్రయల్స్‌లో అసలు ప్రభావం ఒకటే), ర్యాండమా (ట్రయల్‌కో ప్రభావం) అని మోడల్ ఎంచుకోవడం మరీ తప్పు.

ఐ-స్క్వేర్ అంటే (152.23 − 12) ÷ 152.23, సుమారు 92 శాతం. శాతం కాబట్టి చదవడానికి హాయి, మోసపోవడానికీ అంతే హాయి. కనిపించే చెదురులో నిజమైన తేడా వాటా ఎంతో చెబుతుందే తప్ప, ఆ తేడా ఎంతో చెప్పదు. ఇవే రిస్క్ రేషియోలు పదింతల మందిలో వచ్చి ఉంటే ఐ-స్క్వేర్ 99 దాకా పోతుంది. ట్రయల్స్ మధ్య తేడా మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నా ఓటు టౌ-స్క్వేర్‌కీ (ట్రయల్స్ మధ్య నిజమైన తేడా వేరియన్స్; దాని వర్గమూలమే టౌ), దాన్నుంచి వచ్చే ప్రెడిక్షన్ ఇంటర్వల్‌కీ (కొత్త చోట అసలు ప్రభావం ఎక్కడెక్కడ పడొచ్చో చెప్పే హద్దులు). రెమ్ల్ (REML) అనే అంచనా పద్ధతిలో టౌ-స్క్వేర్ లాగ్ స్కేల్ మీద (రిస్క్ రేషియోల లాగరిథమ్ తీసుకుంటే) 0.313. ఉమ్మడి రిస్క్ రేషియో 0.49, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (ఆ ఉమ్మడి సగటుకు హద్దులు) 0.34 నుంచి 0.70. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ప్రెడిక్షన్ ఇంటర్వల్ మాత్రం 0.15 నుంచి 1.55, నార్మల్ డిస్ట్రిబ్యూషన్ బదులు 11 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉన్న టీ డిస్ట్రిబ్యూషన్ వాడితే 0.13 నుంచి 1.78. కొత్త ఊళ్లో టీకా అద్భుతంగా పనిచేయొచ్చు, అసలు పనిచేయకపోనూవచ్చు. ఈ మాట క్యూ చెప్పలేదు, 92 శాతమూ చెప్పలేదు. ట్రయల్స్ మూడో నాలుగో ఉంటే మాత్రం టౌ అంచనాయే గాలిలో దీపం.

తేడా ఎంతో తేలాక, ఎందుకో వెతకాలి. అక్షాంశాన్ని మోడల్‌లో చేర్చగానే టౌ-స్క్వేర్ 0.076కి పడిపోతుంది. మదనపల్లె, మద్రాసు 13 డిగ్రీల దగ్గర, కెనడా 55 దగ్గర. అయినా మిగిలిన క్యూ 11 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మీద 30.7, అంటే అక్షాంశంతో కథ పూర్తికాలేదు.