ఎఫ్-క్లాసా, పీఆర్‌ఎస్సా? వెయ్యి గజాల రైఫిల్ పోటీలకు కొత్తగా వెళ్లేవాళ్లకు ఏది మేలు?

"అన్నా, గ్రీన్ కార్డ్ వచ్చేసింది. రైఫిల్ కొందామనుకుంటున్నా. .308 తీసుకోనా, 6.5 క్రీడ్‌మూరా?" అని మా ఊరి తమ్ముడొకడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. (ఈ రెండూ తూటా రకాలు.) "ఏ మ్యాచ్‌కి రా?" అన్నాను. అవతల నిశ్శబ్దం. మ్యాచ్‌లలో రకాలుంటాయని వాడికి తెలీదు. మొదట్లో నాకూ తెలీదు. ముందు రైఫిల్ కొని, తర్వాత మ్యాచ్ వెతుక్కున్నాను. తీరా చూస్తే అది ఏ మ్యాచ్‌కీ సరిగ్గా పనికిరాలేదు. ఒకదానికి బరువు చాలలేదు, ఇంకోదానికి క్యాలిబర్, అంటే తూటా సైజు, కుదరలేదు. వాడికి ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అసలు విషయానికి ముందు ఒక హెచ్చరిక. హెచ్1బీ, ఎఫ్1, ఎల్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. "రేంజ్‌లో స్నేహితుడి రైఫిల్ ఒక్కసారి కాలుస్తాను, అంతే కదా" అనుకునేవాళ్లు కూడా ముందు లాయర్‌ని అడగండి. ఇమిగ్రేషన్ ఫైల్ మీద మచ్చ పడితే ఏ పతకమూ దాన్ని తుడవలేదు.

ఇక పోటీల సంగతి. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో దూరపు గురి పోటీలకు వెళ్లాలనుకునే మనబోటి వాళ్లకు ముఖ్యంగా రెండు దారులున్నాయి: ఎఫ్-క్లాస్, పీఆర్‌ఎస్. వెయ్యి గజాల పోటీలు ఇక్కడ కొత్తేమీ కాదు. 1874లో న్యూయార్క్ దగ్గరి క్రీడ్‌మూర్ రేంజ్‌లో ఐర్లండ్ జట్టు మీద అమెరికా జట్టు 800, 900, 1000 గజాల దూరాల్లో పోటీపడి 934-931 స్కోరుతో గెలిచింది. హార్నడీ కంపెనీ 2007లో తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటాకు పేరు వచ్చింది ఆ రేంజ్ నుంచే.

ఎఫ్-క్లాస్ ఆ పాత పద్ధతికి మనవడు లాంటిది. జార్జ్ ఫార్కర్సన్ అనే కెనడా షూటర్ మొదలుపెట్టాడు, ఎఫ్ అన్న అక్షరం ఆయన పేరులోదే. పడుకునే కాల్చాలి. కాకపోతే చేతికి పట్టీ బిగించుకుని, స్కోప్ లేకుండా కాల్చాల్సిన పని లేదు. ముందు బైపాడ్ (రెండు కాళ్ల ఊత) లేదా రెస్ట్, వెనక ఇసుక సంచి, పైన పెద్ద స్కోప్. ఇందులో రెండు విభాగాలు. ఎఫ్-టీఆర్‌లో .223 రెమింగ్టన్ లేదా .308 విన్చెస్టర్ మాత్రమే వాడాలి, బైపాడ్‌తో కలిపి బరువు 8.25 కిలోలు దాటకూడదు. ఎఫ్-ఓపెన్‌లో ఇంకా చాలా క్యాలిబర్లు వాడచ్చు, 10 కిలోల దాకా బరువుండచ్చు. ఇంత ఆధారం ఇచ్చారు కదా అని లక్ష్యాన్ని కూడా చిన్నది చేశారు. పట్టీతో కాల్చేవాళ్లకు వెయ్యి గజాల దగ్గర పది మార్కుల వలయం 20 అంగుళాలుంటే, ఎఫ్-క్లాస్‌లో అది 10 అంగుళాలే. అందులో నట్టనడుమ ఉండే ఎక్స్ వలయం 5 అంగుళాలు. అంటే మన ఇంట్లో అన్నం తినే కంచం కన్నా చిన్నది, కిలోమీటరుకు కాస్త తక్కువ దూరంలో.

పీఆర్‌ఎస్ అంటే ప్రెసిషన్ రైఫిల్ సిరీస్, 2012లో మొదలైంది. ఇక్కడ కాగితం లక్ష్యాలుండవు, ఇనుప పలకలుంటాయి. ఒక్కో స్టేజ్‌లో పైకప్పు ఆకారంలో ఒక చెక్క బారికేడో, ట్రాక్టర్ టైరో, సిమెంటు గొట్టమో, నిచ్చెనో ఉంటుంది. దాని మీద సంచి వేసి, రైఫిల్ ఆనించి, మోకాళ్ల మీదో నిలబడో, వేర్వేరు దూరాల్లో ఉన్న పలకల్ని తొంభై సెకన్లలోనో రెండు నిమిషాల్లోనో కొట్టాలి. స్టేజ్‌కి ఎనిమిది పది తూటాలు. తగిలితే ఒక పాయింటు, తగలకపోతే సున్నా. పలక అంచుకు తగిలినా నడిమధ్య తగిలినా ఒకటే.

నా దృష్టిలో రెండింటికీ అసలు తేడా బారికేడ్లలో లేదు, గాలి దగ్గర ఉంది.

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మన పెద్దలంటారు. ఎఫ్-క్లాస్ షూటర్ పని అచ్చంగా కళ్లంలో చేట పట్టుకుని నిలబడ్డ రైతు పనే. ఇరవై షాట్లకు ఇరవై నిమిషాల పైచిలుకు సమయం ఉంటుంది. ఆ సమయాన్ని ఎలా వాడుకుంటావో నీ ఇష్టం. రేంజ్ పొడవునా జెండాలుంటాయి. స్కోప్ నిండా ఎండమావులుంటాయి. వేసవిలో తారురోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపిస్తాయే, అవే. పెద్ద స్కోప్‌లో చూస్తే అవి గాలి ఎటుంటే అటు ఏరులా పారుతుంటాయి. నిలువుగా పైకి ఉడుకుతున్నట్టు కనిపించాయంటే గాలి ఆగిందన్నా అర్థం, మన వైపు నుంచో ఎదురుగానో వస్తోందన్నా అర్థం. దిశ మారే ముందూ అలాగే కనిపిస్తాయి. అప్పుడు ట్రిగ్గర్ మీద వేలు తీసేసి ఆగడమే మేలు. నీకు నచ్చిన గాలి మళ్లీ వచ్చేదాకా మూడు నిమిషాలైనా కదలకుండా ఉండచ్చు. వచ్చాక గబగబా నాలుగు షాట్లు వేసుకోవచ్చు. (ఇంగ్లండ్‌లోని బిస్లీ పద్ధతిలో మాత్రం ఈ పప్పులుడకవు. అక్కడ ఒకే లక్ష్యం మీద ఇద్దరు ముగ్గురు వంతులవారీగా కాలుస్తారు, షాట్‌కి 45 సెకన్లు.)

లెక్క చూస్తే ఈ ఓపిక ఎందుకో తెలుస్తుంది. 175 గ్రెయిన్ల (తూటా బరువును ఇలా కొలుస్తారు) .308 తూటాను గంటకు 10 మైళ్ల అడ్డగాలి వెయ్యి గజాల దగ్గరికొచ్చేసరికి దాదాపు ఎనిమిదడుగులు పక్కకు తోస్తుంది. తూటా అక్కడికి చేరడానికి ఒకటిన్నర సెకన్లకు పైనే పడుతుంది. 600 గజాల దగ్గర ఆ తోపు సుమారు 30 అంగుళాలు. అంటే గాలిని ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే 3 అంగుళాలు పోయినట్టే. 600 గజాల లక్ష్యంలో పది వలయం వ్యాసం 6 అంగుళాలు. నువ్వు ఎంత బాగా గురిపెట్టినా, ఒక్క మైలు గాలి తేడాతో తూటా గీత మీదికి వెళ్లిపోతుంది.

పీఆర్‌ఎస్‌లో పలకలు ఇంత కఠినంగా ఉండవు. 600 గజాల దగ్గర అడుగు వెడల్పు పలక మామూలే, మైలు తేడా వచ్చినా మోగుతుంది. కానీ ఆగే వీలు లేదు. చాలా చోట్ల జెండాలుండవు. స్టేజ్ మారగానే కాల్చే దిశా మారుతుంది. బజర్ మోగాక ఉన్న గాలితోనే పని కానివ్వాలి. తప్పితే మట్టి ఎటు లేచిందో నువ్వే చూసి, ఆ లోపే సరిదిద్దుకోవాలి. మట్టి లేవడం చూడాలంటే కాల్చినప్పుడు స్కోప్ ఎగరకూడదు. అందుకే అక్కడ అందరూ బరువైన రైఫిల్, భుజాన్ని వెనక్కి తన్నడం తక్కువుండే 6 మిల్లీమీటర్ల చిన్న తూటాలు వాడతారు. మా తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఎఫ్-టీఆర్‌కైతే .308 కావాలి, పీఆర్‌ఎస్ ఓపెన్ విభాగంలో .308తో వెళితే ప్రతి షాట్‌కీ పలక కళ్ల ముందు నుంచి మాయమవుతుంది. 6.5 క్రీడ్‌మూర్ పీఆర్‌ఎస్‌కి ఫరవాలేదు, ఎఫ్-టీఆర్‌లోకి రానివ్వరు.

రెండు చోట్లా నా పరువు పోయింది, కాబట్టి పక్షపాతం లేకుండా చెప్పగలను. ఎఫ్-క్లాస్‌లో నా నాలుగో మ్యాచ్. పద్నాలుగో షాట్ దాకా బ్రహ్మాండం. జెండా చూద్దామని స్కోప్ నుంచి కన్ను తీసి, మళ్లీ పెట్టి, చక్కగా ఊపిరి బిగబట్టి కాల్చాను. ప్రతి షాట్‌కీ గుర్తు పెట్టడానికి లక్ష్యాన్ని కిందికి దించుతారు. నా లక్ష్యం కిందికి దిగనే లేదు. పక్కాయన లక్ష్యం దిగింది, ఎక్స్‌లో గుర్తుతో పైకొచ్చింది. అంత అందమైన షాట్ ఆ రోజు ఇంకోటి పడలేదు, కానీ నా ఖాతాలో సున్నా. దీన్ని క్రాస్‌ఫైర్ అంటారు. అప్పట్నుంచి ప్రతి షాట్‌కి ముందు లక్ష్యం నంబరు పైకి చదువుకుంటాను. పక్కనున్నవాళ్లు నేనేదో మంత్రం జపిస్తున్నాననుకుంటారు. పీఆర్‌ఎస్‌లో ఇంకో రకం. 800 గజాల పలకకు తగ్గట్టు స్కోప్ మీది దూరం మరను తిప్పి కొట్టాను. తర్వాతి పలక 400లో. టెన్షన్‌లో ఆ మరను వెనక్కి తిప్పడం మర్చిపోయి, దాని తల పైనుంచి రెండు తూటాలు కొండలోకి పంపాను. ఎందుకు తగల్లేదా అని ఆలోచించేలోపే టైమ్ అయిపోయింది, ఇంకా మూడు తూటాలు మ్యాగజైన్‌లోనే ఉన్నాయి.

ఈ రెండు పరాభవాల్లో ఏది ఎక్కువ నేర్పింది? నా ఓటు ఎఫ్-క్లాస్‌కే. కారణం లక్ష్యం ఇచ్చే సమాధానం. ప్రతి షాట్ తర్వాత లక్ష్యాల కింద గుంతలో ఉన్నవాళ్లు లక్ష్యాన్ని కిందికి లాగి, తూటా పడ్డచోట గుర్తు పెట్టి మళ్లీ లేపుతారు. నీ తప్పు అంగుళాల్లో కనిపిస్తుంది: ఎడమకు నాలుగు, కిందికి రెండు. నోట్‌బుక్‌లో రాసుకుంటే నెల తర్వాత కూడా చదువుకోవచ్చు. పీఆర్‌ఎస్‌లో తగల్లేదంటే కారణం గాలా, ట్రిగ్గరా, బారికేడ్ ఊగిందా, దూరం తప్పు తిప్పావా అన్నది కొత్తవాడికి తేలదు. నాలుగు తప్పులు ఒకేసారి చేస్తే ఏదీ నేర్చుకోలేడు.

అయితే మనుషుల విషయంలో పీఆర్‌ఎస్‌దే పైచేయి, ఇది ఒప్పుకోవాలి. పదిమంది స్క్వాడ్‌గా రోజంతా కలిసి తిరుగుతారు. నీ వంతు కానప్పుడు ఇంకొకరికి టైమ్ చూస్తావు, స్కోర్ రాస్తావు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నా దగ్గర సరైన సంచి లేదని చూసి ఒక పెద్దాయన తనది చేతిలో పెట్టి, రోజంతా అడగలేదు. ఎఫ్-క్లాస్‌లోనూ మంచివాళ్లే, కానీ కాల్చేటప్పుడు ఎవరి లోకం వాళ్లది. మిగతా సమయం గుంతలో పక్కవాళ్ల లక్ష్యాలు లాగుతూ గడుస్తుంది. జూలైలో టెక్సస్ గుంతలో రెండు గంటలంటే విజయవాడ మే నెల గుర్తొస్తుంది. ఎలక్ట్రానిక్ లక్ష్యాలున్న రేంజ్‌లలో ఆ బాధ తప్పింది, కబుర్లూ తగ్గాయి. ఒంటి విషయం కూడా చూసుకోండి. మోకాళ్ల నొప్పులుంటే పీఆర్‌ఎస్ ఏడిపిస్తుంది, మెడనొప్పి ఉంటే ఎఫ్-క్లాస్.

డబ్బు సంగతి ముక్తసరిగా. ఎఫ్-క్లాస్ లోకల్ మ్యాచ్‌కి ఫీజు ముప్పై నలభై డాలర్లు, తూటాలు డెబ్బై దాకా. పీఆర్‌ఎస్ ఒక రోజు మ్యాచ్‌కి ఫీజు వంద డాలర్లు అటూ ఇటూ, తూటాలు ఎనభై నుంచి వంద. రెండు రోజులదైతే మూడొందల డాలర్ల దాకా, తూటాలు రెండొందలు. మ్యాచ్ తూటా ఒక్కోటి డాలరున్నర పైమాటే కాబట్టి ఏడాది తిరక్కుండా అందరూ గ్యారేజీలో సొంతంగా తూటాలు నింపుకోవడం మొదలుపెడతారు. బ్యారెల్ కూడా టైరు లాంటిదే, అరిగిపోతుంది. .308ది నాలుగైదు వేల షాట్లు వస్తుంది. 6 మిల్లీమీటర్ల వాటికి రెండు వేలు దాటాక నమ్మకం తగ్గుతుంది. కొత్తది బిగించుకోవడానికి ఏడెనిమిది వందల డాలర్లు. పీఆర్‌ఎస్‌కి పూర్తిగా దిగితే ఏటా ఒక బ్యారెల్ మామూలే.

వీటన్నిటి కన్నా చవకైన మూడో దారి ఒకటుంది. .22 రైఫిల్‌తో ఆడే ఎన్‌ఆర్‌ఎల్22, 2017లో మొదలైంది. నెలనెలా దేశమంతా ఒకే కోర్సు, దూరం 100 గజాల లోపు, బారికేడ్లు పీఆర్‌ఎస్‌లో లాగానే. మంచి .22 తూటా పాతిక సెంట్లకు అటూ ఇటూ. .22 తూటా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి గాలి దాన్ని బాగా ఆడిస్తుంది. 200 గజాల దగ్గర పది మైళ్ల గాలికి అడుగున్నర దాకా పక్కకు పోతుంది. పొలం ఉన్న స్నేహితుడుంటే 200 గజాల్లోనే పెద్ద రేంజ్ పాఠాలన్నీ నేర్చుకోవచ్చు. బారికేడ్ మీద మొదటి తప్పులన్నీ పాతిక సెంట్ల తూటాతో చేయడం తెలివైన పని.

కాబట్టి మా తమ్ముడికి చెప్పింది ఇదీ. ఫ్యాక్టరీ .308 ఒకటి, బైపాడ్ ఒకటి తీసుకో. మొదటి ఏడాది 600 గజాల ఎఫ్-టీఆర్ మ్యాచ్‌లే ఆడు, వెయ్యి గజాలకు తొందరపడకు. పక్కన ఒక .22తో నెలకోసారి బారికేడ్ ప్రాక్టీస్ చెయ్యి. రెండో ఏడాది పీఆర్‌ఎస్ లాగితే అప్పుడు 6 మిల్లీమీటర్ల రైఫిల్ కొను. నీకు పడుకుని జెండాలు చూస్తూ కూర్చునే ఓపిక పుట్టుకతోనే లేదనుకో, గంటసేపు కదలకుండా ఉంటే పిచ్చెక్కుతుందనుకో, అప్పుడు నా మాట వినకు, నేరుగా .22 నుంచి పీఆర్‌ఎస్‌కి వెళ్లిపో. ఇష్టం లేని ఆటలో ఏ పాఠమూ ఎక్కదు.

మొదటి మ్యాచ్‌కి ముందు మ్యాచ్ డైరెక్టర్‌కి మెయిల్ రాసి "ఇది నా మొదటి మ్యాచ్" అని చెప్పెయ్యి, ఎవరో ఒకర్ని పక్కన కూర్చోబెడతారు. లోపల తూటా లేదని చూపించే ఛాంబర్ ఫ్లాగ్ రైఫిల్‌లో పెట్టుకుని వెళ్లు. ఆ రంగు ప్లాస్టిక్ ముక్క డాలరే, అది లేకపోతే లైన్ దగ్గరికే రానివ్వరు. చెవులకు రెండు రక్షణలు, లోపల ఒకటి, పైన ఒకటి. పీఆర్‌ఎస్‌లో పక్కవాళ్ల మజిల్ బ్రేకుల (గొట్టం మూతికి బిగించేవి) మోత తలలో మూడు రోజులుంటుంది. టోపీ, నీళ్లు, ఒక పాత దుప్పటి. ఇక మ్యాచ్ రోజు పులిహోర డబ్బా కట్టించుకెళ్లు, గుంతలో ఉన్నవాళ్లందరూ స్నేహితులైపోతారు. నాకైతే ఇప్పుడు నా స్కోరు కన్నా ముందు ఆ డబ్బా గురించే అడుగుతున్నారు.