ప్లాన్‌బెంచ్: భాషా నమూనాల ప్రణాళికా శక్తికి పరీక్ష

చాట్‌జీపీటీ లాంటి సాధనాలను నడిపే పెద్ద భాషా నమూనాలు లక్ష్యం చేరడానికి కావలసిన అడుగులను వరుసగా పేర్చి ప్రణాళిక వేయగలవా అన్నది తేల్చుకోవడానికి నేను చాలాకాలంగా ప్లాన్‌బెంచ్ అనే పరీక్షా సంపుటిని వాడుతున్నాను. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోని సుబ్బారావు కంభంపాటి బృందం దీనిని 2022లో వెలువరించింది. కొత్త నమూనా ఏది వచ్చినా ముందుగా దీని మీదే నడిపి చూస్తాను. చాలా పరీక్షలు చివరి జవాబుతో సరిపెట్టుకుంటాయి. ఇది ప్రణాళికను అడుగడుగునా అమలు చేసి చూస్తుంది.

సమస్య పీడీడీఎల్ అనే ప్రణాళికా భాషలో ఉంటుంది. దానిని మామూలు వాక్యాలుగా మార్చి నమూనాకు ఇస్తారు. వచ్చిన జవాబును తిరిగి పీడీడీఎల్‌లోకి తెచ్చి వ్యాల్ అనే తనిఖీ సాధనానికి అప్పగిస్తారు. ప్రతి చర్యకూ కావలసిన ముందు షరతులు ఆ క్షణంలో నెరవేరి ఉన్నాయా, చివరికి లక్ష్యం చేరిందా అన్నవి మాత్రమే వ్యాల్ చూస్తుంది.

ఇది ఎంత పదునైన పద్ధతో ఒక చిన్న సమస్యలోనే తెలుస్తుంది. ప్లాన్‌బెంచ్‌లోని బ్లాక్స్‌వరల్డ్ అనే దిమ్మెలు పేర్చే సమస్యల్లో చర్యలు నాలుగే: దిమ్మెను బల్ల మీది నుంచి ఎత్తడం, బల్ల మీద దించడం, మరో దిమ్మెపై పేర్చడం, పైనున్న దిమ్మెను తీయడం. చేతిలో ఒకసారికి ఒక్క దిమ్మే పడుతుంది. ఏ, బీ, సీ అనే మూడు దిమ్మెల్లో ఏ, బీ బల్ల మీద ఉన్నాయి, ఏ పైన సీ ఉంది. బీ పైన ఏ, సీ పైన బీ ఉండాలన్నది లక్ష్యం. 1970ల నుంచి సస్‌మన్ వైపరీత్యంగా పేరుపడిన చిక్కు ఇది. సీని తీసి బల్ల మీద దించి, బీని ఎత్తి సీపై పేర్చి, ఏని ఎత్తి బీపై పేర్చాలి. మొత్తం ఆరు అడుగులు. నేను చూసిన తప్పుడు జవాబుల్లో కొన్ని సీని దించగానే ఏని బీపై పెట్టేసి, ఆ తర్వాత అడుగునున్న బీని ఎత్తబోతాయి. మరికొన్ని సీని చేతిలో ఉంచుకునే బీని ఎత్తుతాయి. చదవడానికి మాత్రం అవి చక్కగా ఉంటాయి, లక్ష్యం నెరవేరిందన్న ధీమా వాక్యంతో ముగుస్తాయి. వ్యాల్ ఆ తప్పుడు అడుగు దగ్గరే ఆపేస్తుంది.

అయితే నేను ఈ పరీక్షను వదలకపోవడానికి ముఖ్య కారణం మిస్టరీ బ్లాక్స్‌వరల్డ్. సమస్య నిర్మాణం అదే, పేర్లు మాత్రం మారతాయి: ఎత్తడం ‘దాడి’ అవుతుంది, తీయడం ‘విందు’ అవుతుంది, చేయి ఖాళీగా ఉండటం ‘సామరస్యం’ అవుతుంది. నియమాలన్నీ ప్రశ్నలోనే ఉంటాయి కనుక, వాటిని పట్టుకుని ఆలోచించేవారికి తేడా రాకూడదు. ఫాస్ట్ డౌన్‌వర్డ్ వంటి సంప్రదాయ ప్లానర్‌కు, అంటే ప్రణాళికలు వెతికే ప్రోగ్రాముకు, రాదు కూడా. ఓపెన్‌ఏఐ సంస్థ భాషా నమూనా జీపీటీ-4 మాత్రం మామూలు రూపంలో మూడో వంతు సమస్యలను సాధించి, పేర్లు మార్చేసరికి దాదాపు సున్నాకు పడిపోయింది. 2024లో అదే సంస్థ తెచ్చిన ఓ1-ప్రివ్యూ మామూలు రూపంలో 97.8 శాతం అందుకున్నా, మిస్టరీ రూపంలో 52.8 శాతం దగ్గర ఆగింది. ఆ రెండు అంకెల మధ్య దూరమే నా దృష్టిలో అసలు కొలత. మొదటి అంకెను ఒక్కదాన్నే చూపి ప్రణాళికా సమస్య తీరిపోయిందని ప్రకటించడం నాకు బాధ కలిగిస్తుంది.

లోపాలు లేకపోలేదు. మూల సమస్యలు చిన్నవి, పైగా చాలాకాలంగా అందరికీ అందుబాటులో ఉన్నవి. శిక్షణలో నమూనా వాటిని చూసి ఉండదన్న హామీ లేదు. అందుకే దిమ్మెల సంఖ్య పెంచి, పేర్లు మార్చి కొత్త సమస్యలను నేనే తయారు చేసుకుంటాను. 20 నుంచి 40 అడుగులు కావలసిన సమస్యల్లో ఓ1-ప్రివ్యూ కూడా నాలుగో వంతుకు లోపే సాధించింది కనుక, ఫలితాలను అడుగుల సంఖ్య వారీగా విడదీయకుండా ఒకే సగటు ఇస్తే అసలు విషయం మరుగున పడుతుంది. పరిష్కారమే లేని సమస్యలను కూడా కలపాలి. అసాధ్యాన్ని అసాధ్యమని చెప్పలేక, కుదరని ప్రణాళికను నమ్మకంగా అప్పగించే నమూనా నిజమైన పనిలో ఎక్కువ హాని చేస్తుంది. జవాబును పీడీడీఎల్‌లోకి మార్చే దశలోనూ జాగ్రత్త అవసరం: నమూనా వాక్యాన్ని కాస్త వేరుగా రాస్తే, సరైన ప్రణాళిక కూడా తప్పుగా నమోదు కావచ్చు.

వ్యాల్ చూపిన తప్పును నమూనాకు తిరిగి చెప్పి మళ్లీ రాయిస్తే ఫలితం బాగా మెరుగుపడుతుంది. నిజమైన పనికి నేను సిఫారసు చేసే పద్ధతి అదే. కాని ఆ మార్కులు నమూనా, తనిఖీ సాధనం కలిసి సంపాదించినవి. వాటిని మొదటి ప్రయత్నంలో వచ్చిన మార్కులతో ఒకే వరుసలో చూపకూడదు.